బండ్ల మీద కదిలిన సంఘం

1820లో జరిగిన సంగతి ఇది. విస్తులా నది ఒడ్డు నుంచి బయల్దేరిన ఇరవై పైచిలుకు రైతు కుటుంబాలు బండ్లు కట్టుకుని రష్యా దక్షిణపు మైదానాల వైపు పోతున్నాయి. పిల్లలు, ముసలివాళ్లు, గిన్నెలు, నాగళ్లు, బైబిళ్లు అన్నీ ఆ బండ్లలోనే. దారిలో ఒక గొప్పింటి సవారీ ఎదురొచ్చి ఆగింది. అందులో ఉన్నది రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్. ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని అడిగాడట. మొలోచ్నాకు పోతున్నామంటే, ఆ ఊళ్లు నేనూ చూశాను, మీకు మేలు జరగాలి, అక్కడున్న మీవాళ్లను అడిగానని చెప్పండి అని దీవించి సాగిపోయాడట. ఆ మాటను తలుచుకుంటూ వాళ్లు తమ కొత్త ఊరికి అలెగ్జాండర్‌వోల్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ సంఘంవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న కథ ఇది. ఆ బండ్లవాళ్లు మెన్నొనైట్లు. వాళ్లను నడిపించిన సంఘపెద్ద పేరు పీటర్ వేడెల్. ఇంత చిన్న గుంపు గురించి తెలుగువాళ్లం మనకెందుకు అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. ఈ దారి చివర నల్లగొండ, దేవరకొండ కూడా ఉన్నాయి. ముందు కొంచెం వెనక్కి పోయి వద్దాం.

1525లో జ్యూరిచ్ పట్టణంలో కొందరు యువకులు ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. పసిబిడ్డ తల మీద నీళ్లు పోస్తే ఆ బిడ్డ విశ్వాసి అయిపోడని, తెలివి వచ్చాక తనంతట తానే ఒప్పుకుని తీసుకోవాలని వాళ్ల నమ్మకం. దాంతోపాటు ఇంకో రెండు మాటలన్నారు. ఒట్టు పెట్టం, కత్తి పట్టం. ఆ రోజుల్లో రాజ్యం, చర్చి ఒకటే కాబట్టి ఇదంతా రాజద్రోహం కిందికి వచ్చింది. ఆ యువకుల్లో ఒకడైన ఫెలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరిలో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. కొన్నేళ్లకు నెదర్లాండ్స్‌లో మెన్నో సైమన్స్ అనే కేథలిక్ గురువు 1536లో తన పదవి వదిలేసి, చెల్లాచెదురైన ఈ జనాన్ని కూడగట్టాడు. ఆయన పేరుతోనే వీళ్లు మెన్నొనైట్లయ్యారు.

వాళ్లు పిల్లలకు చెప్పే కథల్లో డిర్క్ విల్లెమ్స్ కథ ఒకటుంది. 1569లో ఆస్పెరెన్ అనే ఊళ్లో ఖైదు నుంచి తప్పించుకుని గడ్డకట్టిన చెరువు మీదుగా పరుగెత్తుతున్నాడు. వెంటపడ్డ భటుడి కాళ్ల కింద మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి చెయ్యందించి వాణ్ణి బయటికి లాగాడు. ఆ చెయ్యే అతన్ని పట్టించింది. తర్వాత అతన్ని సజీవంగా కాల్చేశారు. ఈ జనం ఎలాంటివాళ్లు కావాలనుకున్నారో ఈ ఒక్క కథ చెబుతుంది. అందరూ అలా బతకగలిగారా అన్నది వేరే సంగతి. దానికీ వస్తాను.

హింస తట్టుకోలేక చాలామంది పడవలెక్కి తూర్పుకు పోయి విస్తులా నది వెంట స్థిరపడ్డారు. పోలండ్ జమీందార్లకు అక్కడ వేల ఎకరాల చిత్తడి నేల ఉంది. గట్టు కట్టి, కాలువ తవ్వి, నీళ్లు తోడి ఆ నేలను సాగులోకి తేవడం డచ్చివాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. కాబట్టి వీళ్ల మతమేదైనా ఫర్వాలేదని దీర్ఘకాలపు కౌలుకు భూములిచ్చారు. అలా వెలిసిన ఊళ్లలో ఒకటి ప్షెహూఫ్కో. నదికి పడమటి వైపు, ష్వెట్స్ పట్టణం పక్కన. మన కథలోని సంఘం అక్కడిది.

వరద ఎప్పుడొస్తుందో తెలియని నేల అది. మట్టి దిబ్బ పోసి దాని మీద ఇల్లు కట్టుకునేవాళ్లు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద. గట్లు తెగకుండా విల్లో చెట్లు నాటేవాళ్లు. గట్టు పని వంతులవారీగా ఊరంతా చెయ్యాల్సిందే, ఒక్క ఇల్లు ఎగ్గొడితే ఊరు మునుగుతుంది. ఈ సంఘం మనస్తత్వంలో సగం ఆ గట్టు మీదే తయారైందని నాకనిపిస్తుంది.

మెన్నొనైట్లలోనే వీళ్లది చాలా కట్టుదిట్టమైన శాఖ. గ్రోనింగెన్ పాత ఫ్లెమిష్ శాఖ అంటారు. సాదా బట్టలు, మోకాళ్ల మీద మౌన ప్రార్థన, ఒకరి పాదాలు ఒకరు కడగడం. పొరుగున ఉన్న వేరే శాఖ మెన్నొనైట్లను పెళ్లాడినా వీళ్లకు ఒప్పుకోలు కాదు. 1719లో హెండ్రిక్ బెరెంట్స్ హుల్స్‌హోఫ్ అనే సంఘపెద్ద నెదర్లాండ్స్ నుంచి ఇంత దూరం ప్రయాణం చేసి, తమ శాఖవాళ్లున్న ఊళ్లన్నీ తిరిగి, ప్రభువు బల్ల ఆచరింపజేసి, ఎవరెవరిని కలిశాడో రాసిపెట్టుకుని వెళ్లాడు. అప్పటికి వీళ్లు డచ్చి మాట్లాడటం తగ్గి జర్మన్ యాసలోకి దిగిపోతున్నారు. అయినా వందల మైళ్ల అవతల ఉన్న మూలసంఘం వీళ్లను మరిచిపోలేదు.

అంత కట్టుబాటులో కూడా బయటివాళ్లకు తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. రాట్జ్‌లాఫ్ అనే ఇంటిపేరుకు ఒక కథ చెబుతారు. స్వీడన్ సైన్యంలో వచ్చిన ఒక సైనికుడు ఈ ఊరివాళ్ల బతుకు చూసి కత్తి అక్కడే వదిలేసి సంఘంలో చేరిపోయాడని, ఆ ఇంటిపేరు వాళ్లంతా అతని సంతతేనని. కథలో ఎంత నిజమున్నా, కత్తి దించిన మనిషిని మూలపురుషుడిగా చెప్పుకోవడం ఆ వంశానికి గర్వం. ఆ గర్వం నాకు నచ్చింది.

ఇక ఈ కబుర్లకు అసలు కారణమైన సంగతి. 1784లో జేకబ్ వేడెల్ అనే సంఘపెద్ద ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. సంఘంలో ఉన్న ప్రతి మనిషీ ఎవరి బిడ్డ, ఎవరిని పెళ్లాడారు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఎప్పుడు పోయారు అన్నీ అందులో ఎక్కించాడు. తన కాలంతో ఆగలేదు. వృద్ధులను అడిగి, తెలిసినంత మేరకు నూరేళ్ల పైచిలుకు వెనక్కి పోయి, 1600ల నాటి పూర్వీకుల దాకా రాశాడు. ప్రతి మనిషికీ ఒక అంకె ఇచ్చాడు. ఎందుకంటే ఉన్నవి కాసిని ఇంటిపేర్లే. ఉన్రూ, వోత్, బులర్, బెకర్, ష్మిట్, పంక్రాట్జ్, రాట్జ్‌లాఫ్, వేడెల్. పెళ్లిళ్లు లోపల్లోపలే కాబట్టి ఒకే పేరున్న వాళ్లు పదిమంది ఉండేవారు. పూర్వం మన కరణాలు పహాణీలో పొలాన్ని హద్దులతో సహా ఎక్కించినట్టు ఆయన మనిషిని అమ్మానాన్నలతో సహా ఎక్కించాడు.

రాజుల వంశావళి రాయడానికి ఎక్కడైనా మనుషులుంటారు. చిత్తడిలో గట్లు కట్టుకునే కౌలు రైతుల వంశావళిని, అందులో కోడళ్లను, పసితనంలోనే పోయిన పిల్లలను వదలకుండా రాసినవాళ్లు ఎంతమంది? జేకబ్ వేడెల్ చేసింది చాలా పెద్ద పని.

ఆ పుస్తకం రాసే నాటికే ఊరికి కొత్త యజమాని వచ్చాడు. 1772లో పోలండ్‌ను ముక్కలు చేసుకున్నప్పుడు ఆ ప్రాంతం ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ చేతికి పోయింది. ఆయనకు సైనికులు కావాలి, వీళ్లు సైన్యంలో చేరరు. 1780లో ఒక ఒప్పందం కుదిరింది. మెన్నొనైట్లు సైన్యంలోకి రానక్కర్లేదు, బదులుగా అందరూ కలిసి ఏడాదికి 5000 థాలర్లు కట్టాలి. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెలుసా? కుల్మ్‌లోని సైనిక పాఠశాలకు. కుల్మ్ ఎక్కడో దూరాన లేదు. ప్షెహూఫ్కో వాళ్లకు నదికి అవతలి ఒడ్డునే ఉంది. తాము పట్టని కత్తిని పట్టడం నేర్పే బడికి వీళ్ల పంట డబ్బు పోయింది.

దీన్ని తప్పు పట్టడం సులువు. నేను పట్టలేను. వాళ్ల ముందున్నవి మూడు దారులు. కొడుకుల్ని సైన్యానికి ఇవ్వడం, డబ్బివ్వడం, ఊరొదిలి పోవడం. డబ్బు కట్టి కొన్నాళ్లు గడుపుకున్నారు. కానీ 1789లో తర్వాతి రాజు మరో బిగింపు బిగించాడు. సైన్యపు బాధ్యత భూమికి ముడిపడి ఉంది కనుక, సైన్యానికి రాని మెన్నొనైట్లు కొత్తగా భూములు కొనడానికి వీల్లేకుండా చేశాడు. రైతుబిడ్డలకు భూమి దొరకదంటే ఇంక మూడో దారే మిగులుతుంది.

అప్పటికే రష్యా పిలుస్తోంది. ఇంటికి 65 దెస్యాతిన్లు, అంటే సుమారు 175 ఎకరాలు. సైన్యం నుంచి మినహాయింపు. బడులు, సంఘాలు తమవి తామే నడుపుకోవచ్చు. మొలోచ్నా నది ఒడ్డున 1804 నుంచే మెన్నొనైట్ ఊళ్లు లేచాయి. మన సంఘం 1820లో బండ్లు కట్టింది. చర్చి ఇల్లు, గట్లు, సమాధులు, విల్లో చెట్లు అన్నీ అక్కడే వదిలేసి పోయింది. వదలనిది ఆ పుస్తకాన్ని. సంఘం పేరు మారింది, దేశం మారింది, పుస్తకంలో అంకెలు మాత్రం వరుస తప్పలేదు.

మొలోచ్నాలో అరవై డెబ్బై ఏళ్లలో యాభైకి పైగా ఊళ్లు లేచాయి. ఒకే పొడవాటి వీధి, రెండు పక్కలా ఇళ్లు, చెట్ల వరుసలు, మధ్యలో బడి. గోధుమ బాగా పండింది. ఇంతవరకు ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ 65 దెస్యాతిన్ల కమతాన్ని పంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఒక కొడుక్కే భూమి, మిగతావాళ్లు కూలికో, చేతిపనికో పోవాల్సిందే. ఊరి వ్యవహారాల్లో ఓటు భూమి ఉన్నవాడికే. 1860ల నాటికి మొలోచ్నా కుటుంబాల్లో సగానికి పైగా భూమిలేనివే. భూమున్నవాళ్లు, లేనివాళ్లు ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచేవాళ్లు, సోమవారం ఊరి కచేరీలో తగవు పడేవాళ్లు. అన్నదమ్ముల మధ్య అన్యాయం చూస్తూ ఊరుకున్న సంఘాలు అవి, ఆ మాట చెప్పకపోతే వాళ్ల చరిత్ర సగమే చెప్పినట్టు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ గడ్డి మైదానాలు ఖాళీగా ఏమీ లేవు. నోగాయ్ అనే తురుష్క జాతి పశువుల కాపరులు అక్కడ తిరిగేవారు. పొరుగువాళ్లుగా కొన్నాళ్లు కలిసి బతికారు. క్రిమియా యుద్ధం అయ్యాక, 1860 ప్రాంతంలో నోగాయ్‌లు గుంపులు గుంపులుగా అక్కణ్ణుంచి తురుష్క సామ్రాజ్యానికి తరలిపోయారు. ఆ యుద్ధంలో మెన్నొనైట్లు తుపాకి పట్టలేదు గానీ బండ్లతో సరుకులు మోశారు, గాయపడ్డవాళ్లను ఇళ్లకు తెచ్చి సాకారు.

1870లలో రష్యా కూడా మాట మార్చింది. అందరికీ సైనిక సేవ తప్పనిసరి అని కొత్త చట్టం రాబోతోందని తెలిసింది. 1873లో వివిధ సంఘాల తరఫున పన్నెండుమంది ప్రతినిధులు అమెరికా, కెనడా చూసి రావడానికి పోయారు. అలెగ్జాండర్‌వోల్ తరఫున పోయింది సంఘపెద్ద జేకబ్ బులర్. ప్రభుత్వం కూడా దిగివచ్చింది. జనరల్ తోట్లెబెన్ వచ్చి తుపాకి బదులు అడవుల శాఖలో పని చేయవచ్చని నచ్చజెప్పాడు. చాలామంది ఆ మాట విని ఆగిపోయారు. అలెగ్జాండర్‌వోల్ ఆగలేదు. 1874 వేసవిలో దాదాపు ఊరంతా, చుట్టుపక్కలవాళ్లతో కలిపి దాదాపు 800 మంది, ఇళ్లూ పొలాలూ అమ్ముకుని కదిలారు. ఊరంతా ఒక్కసారే అమ్మితే ఏం ధర పలుకుతుందో మీరే ఊహించండి. హాంబర్గ్ రేవులో సింబ్రియా, ట్యుటోనియా అనే రెండు ఓడలెక్కారు. ఒక గుంపుకు బులర్ పెద్ద, ఇంకో గుంపుకు డీట్రిచ్ గెడర్ట్.

ఆ దశాబ్దంలో రష్యా నుంచి ఉత్తర అమెరికాకు పోయిన మెన్నొనైట్లు మొత్తం సుమారు 18 వేలు. వాళ్లలో ఒక ఊరి సంఘం చెదిరిపోకుండా కట్టగట్టుకుని పోవడం మాత్రం అరుదు. కొన్ని కుటుంబాలు నెబ్రాస్కాలోని హెండర్సన్ దగ్గర ఆగాయి. గెడర్ట్ గుంపు కాన్సాస్‌లో హోఫ్నుంగ్‌సౌ అనే సంఘం పెట్టుకుంది. బులర్ గుంపు ఇవాళ్టి గోసెల్ చుట్టూ దిగి అలెగ్జాండర్‌వోల్ పేరు నిలబెట్టింది.

దిగిన ఏడాది చూడండి ఎలాంటిదో. 1874 వేసవిలో కాన్సాస్ మీద మిడతల దండు పడి ఆకూ అలమూ తినేసింది. పాత కాపులు భూములు వదిలి పోతున్నారు. శాంటా ఫే రైలు కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన భూములు కొనేవాళ్లు లేక పడి ఉన్నాయి. కంపెనీ ఏజెంటు సి.బి. ష్మిట్ జర్మన్ మాట్లాడతాడు, ఈ రైతుల కోసం పరుగులు పెట్టాడు. కంపెనీ కట్టించి ఇచ్చిన పొడవాటి కొయ్య షెడ్లలో ఎన్నో కుటుంబాలు మధ్యలో దుప్పట్లు కట్టుకుని మొదటి చలికాలం గడిపాయి. ఆరాధన కూడా ఆ షెడ్డులోనే. చర్చి భవనం లేచింది 1886లో, అంటే పన్నెండేళ్ల తర్వాత.

మొదట మొలోచ్నాలో లాగే ఒక వీధి, పక్కపక్కన ఇళ్లు అని గీసుకున్నారు. హోఖ్‌ఫెల్డ్, గ్నాడెన్‌ఫెల్డ్, బ్లూమెన్‌ఫెల్డ్, అన్నీ పాత పేర్లే. కానీ అమెరికా భూమిని చతురస్రాలుగా కొలిచి, ఎవరి పట్టా వాళ్లకిచ్చింది. కొన్నేళ్లకే ఎవరి పొలంలో వాళ్లు ఇల్లు వేసుకుని విడిపోయారు. మొలోచ్నాలో చెక్కుచెదరని వీధి బతుకు పట్టా కాయితం ముందు ఎంతోకాలం నిలవలేదు. దాంతో ఆదివారం అందరూ కలిసే చోటు చర్చి ఒక్కటే అయింది.

గోధుమల మాట చెప్పకుండా కాన్సాస్ కథ ముగించరు ఎవరూ. టర్కీ రెడ్ అనే చలికాలపు ఎర్ర గోధుమను వీళ్లే తెచ్చారని, పిల్లలు గింజ గింజా ఏరి పెట్టెల్లో నింపారని చెబుతారు. ఆ ఏరిన గింజల కథకు గట్టి ఆధారం కనబడదు. బెర్న్‌హార్డ్ వార్కెంటిన్ అనే మెన్నొనైట్ మిల్లు యజమాని తర్వాతి ఏళ్లలో ఆ రకాన్ని తెప్పించి వ్యాప్తిలోకి తెచ్చిన మాట మాత్రం నిజం. కాన్సాస్ గోధుమ రాష్ట్రం అయిందంటే అందులో వీళ్ల చెయ్యి ఉంది.

అయితే ఆ నేల ఎవరిది? కాన్సాస్ అన్న పేరే కాన్సా జాతిది. కౌన్సిల్ గ్రోవ్ దగ్గర మిగిలిన కాన్సా జనాన్ని ప్రభుత్వం దక్షిణానికి, ఇండియన్ టెరిటరీకి తరలించింది 1873లో. మెన్నొనైట్లు దిగింది ఆ మరుసటి ఏడాదే. కత్తి పట్టని రైతులు దున్నిన ఆ నేలను అంతకుముందే ఇంకెవరో కత్తితో ఖాళీ చేయించారు. వీళ్లు నేరం చేశారనను. కానీ తమ పూర్వీకులను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్న సంఘం, తమకు ముందు అక్కడ బతికినవాళ్ల లెక్క అడగలేదు.

హెన్రీ వోత్ సంగతి అందుకే నన్ను వదలదు. అలెగ్జాండర్‌వోల్‌లో 1855లో పుట్టి, పందొమ్మిదేళ్ల వయసులో ఓడెక్కి వచ్చినవాడు. మిషనరీ అయ్యి 1893లో అరిజోనాలోని ఒరైబీకి, హోపీల మధ్యకు పోయాడు. వాళ్ల భాష నేర్చాడు, పండుగలూ కథలూ ఎంతో వివరంగా రాశాడు. పిలవకుండా వాళ్ల పూజా మందిరాల్లోకి జొరబడ్డాడు, ఫోటోలు తీశాడు, పవిత్రమైన వస్తువులు సేకరించి మ్యూజియానికి చేర్చాడు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఆ సేకరణ ఉంది. హోపీలు ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ బాధపడతారు. తన సంఘం పుస్తకాన్ని ఎవరైనా ఎత్తుకుపోయి అద్దాల బీరువాలో పెడితే ఆ వోత్ వంశం ఒప్పుకునేదా? రాసిపెట్టడం గొప్ప పనే. ఎవరిది, ఎవరి ఒప్పుకోలుతో రాస్తున్నాం అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. జర్మన్‌లో ప్రార్థన చేసేవాళ్లు, యుద్ధానికి రామనేవాళ్లు ఒకరే అయినప్పుడు ఊళ్లో పరిస్థితి ఎలా ఉంటుంది? కాన్సాస్ మెన్నొనైట్ కుర్రాళ్లను క్యాంప్ ఫన్‌స్టన్‌కు రమ్మన్నారు. యూనిఫారం వేసుకోబోమన్నవాళ్లపై కోర్టు మార్షల్ పెట్టి జైలుకు పంపారు. 1918 నవంబరు 11న, యుద్ధం ముగిసిందని ఊళ్లన్నీ సంబరాలు చేసుకుంటున్న రోజునే, బర్టన్ అనే ఊళ్లో ఒక మెన్నొనైట్ రైతును గుంపు చుట్టుముట్టి ఒళ్లంతా పసుపు రంగు పూసింది. యుద్ధ బాండ్లు కొనలేదని ఆయన మీద కోపం. ఆయన తిరిగి చెయ్యెత్తలేదు. ఆ తర్వాత ఏళ్లలో సంఘాల్లో జర్మన్ తగ్గి ఇంగ్లీషు వచ్చింది.

రష్యాలో ఆగిపోయిన బంధువులకు అంతకన్నా కష్టకాలం వచ్చింది. విప్లవం, అంతర్యుద్ధం, దోపిడీలు, కరువు. 1920లో అమెరికాలోని పలు మెన్నొనైట్ శాఖలు కలిసి వాళ్లను ఆదుకోవడానికి మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ అనే సంస్థ పెట్టాయి. 1922లో ఉక్రెయిన్ ఊళ్లలో గంజి కేంద్రాలు తెరిచారు, చచ్చిపోయిన గుర్రాలకు బదులు ట్రాక్టర్లు పంపారు. యాభై ఏళ్ల కింద విడిపోయిన బంధువు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నాడో తెలిసి ఉండటం ఆకలి రోజుల్లో ఎంత పనికొస్తుందో అప్పుడు తేలింది. ఒకప్పటి మొలోచ్నా ప్రాంతంలోని తోక్మాక్ చుట్టుపక్కల ఊళ్లు 2022 నుంచి మళ్లీ యుద్ధంలో నలుగుతున్నాయి. అలెగ్జాండర్‌వోల్ చర్చి మాత్రం గోసెల్ దగ్గర ఆదివారం ఆదివారం నడుస్తూనే ఉంది. గోసెల్ జనాభా ఇవాళ అయిదారు వందలు.

ఇక మనవైపు వద్దాం. 1860 జనవరిలో మొలోచ్నాలోనే కొందరు, సంఘాలు చల్లబడ్డాయని, మారుమనస్సు లేని బాప్తిస్మం దండగని విడిపోయి మెన్నొనైట్ బ్రదరన్ అనే కొత్త శాఖ పెట్టుకున్నారు. ఆ శాఖ నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు 1889లో బయల్దేరి నైజాం రాజ్యంలోని నల్లగొండ చేరారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశారు, ఖర్చు మాత్రం మొలోచ్నా వైపు గోధుమ రైతుల కానుకలు. తర్వాత కార్నేలియస్ ఉన్రూ వచ్చాడు. అమెరికాకు పోయిన ఆ శాఖవాళ్లు కూడా 1899లో హైదరాబాదుకు మిషనరీలను పంపారు. 1902లో జె.హెచ్. పంక్రాట్జ్ వచ్చాడు, 1908లో వచ్చిన జె.హెచ్. వోత్ దేవరకొండలో పనిచేశాడు. ఉన్రూ, పంక్రాట్జ్, వోత్. జేకబ్ వేడెల్ పుస్తకంలో మీరు చదివిన ఇంటిపేర్లే ఇవి. కాన్సాస్‌లో పెరిగిన డాక్టరు కాథరినా షెలెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945 జనవరి 1న శంషాబాదులో కన్నుమూసేదాకా ఇక్కడి ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేసింది.

నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల వైపు చాలా ఊళ్లలో మెన్నొనైట్ బ్రదరన్ (ఎం.బి.) చర్చి కనబడుతుంది. భారతదేశంలోని మెన్నొనైట్ శాఖల్లోకెల్లా పెద్దది ఇదే. ఆ చర్చిలను నిలబెట్టింది ఎక్కువగా మాదిగ, మాల కుటుంబాలు. వెట్టి చేస్తూ, గుళ్లోకి రానివ్వని ఊళ్లో, బావి దగ్గర దూరంగా నిలబడిన మనుషులు. సువార్త చెప్పినవాళ్లలో దొరలకన్నా ఎక్కువ ఊళ్లు నడిచింది తెలుగు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు. మిషను చరిత్ర పుస్తకాలు తిరగేస్తే దొరల పేర్లు, వాళ్లు ఎక్కిన ఓడలు, కట్టించిన బంగళాల తేదీలు అన్నీ దొరుకుతాయి. ఈ ఉపదేశకుల పేర్లు చాలాచోట్ల ఒక వాక్యంలో వచ్చి పోతాయి, లేకపోతే రానే రావు. ఇది అన్యాయం. దీన్ని సరిదిద్దడం కాన్సాస్‌వాళ్ల చేతిలో లేదు, మన చేతిలో ఉంది.

అందుకే ఈ కబుర్లు చదివిన పాలమూరు, నల్లగొండ వాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ శాఖ అయినా, అసలు క్రైస్తవులు కాకపోయినా ఫర్వాలేదు. మీ ఊరి చర్చి పాత రిజిస్టరు ఎక్కడుందో సంఘకాపరి గారిని అడగండి. చెదలు పట్టకముందే ఆయన అనుమతితో ప్రతి పేజీ ఫోటో తీయండి. మొదటిసారి బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఎవరు, వాళ్ల తల్లిదండ్రులు ఎవరు, ఏ వాడ, ఏ పని చేసేవాళ్లు, ఎవరు బోధించగా నమ్మారు, ఇవన్నీ చెప్పగలిగే తాతలు, అమ్మమ్మలు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు ఒప్పుకున్నంత మేర నోటుబుక్కులో రాయండి. కోడళ్ల పేర్లు వదలకండి, పుట్టింటి ఊరు కూడా రాయండి. రాసిన పుస్తకానికి రెండు నకళ్లు తీసి, ఒకటి చర్చిలో, ఒకటి ఊళ్లో ఇంకొకరి ఇంట్లో పెట్టండి. ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి.